మైకులో పాల పిలుపు

తార్నాకలో వేదవతి ఉండే వీధికి పొద్దు పొడిచేది బుచ్చవ్వ పాల క్యాను చప్పుడుతో. ఇనుప గేటు మీద క్యానుతో రెండు దెబ్బలు వేస్తుంది. మూడో దెబ్బ పడేలోపు గిన్నె పట్టుకుని బయటికి రావాలి. రాకపోతే "మీ ఇంట్ల ఇంకా తెల్లారలేదా?" అని వీధి మొత్తానికీ వినపడేలా అడుగుతుంది. బెల్లుంది కదా, నొక్కవచ్చు కదా అని బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఒకసారి అన్నాడు. "పాలు నావి, చప్పుడు గూడ నాదే" అంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆమె బడికి పోయింది ఒక్క వానాకాలం. పలక పగిలింది, చదువు దానితోనే ఆగింది. అందుకు ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు, కొత్త పలకా అడగలేదు. ఆలేరు అవతలి ఊరి నుంచి పెళ్లయిన మూడో ఏట భర్త ఇన్నయ్య వెంట ఇక్కడికి వచ్చింది. ఇన్నయ్యకు యూనివర్సిటీలో మాలీ పని. అతను ముప్ఫై ఏళ్లు నీళ్లు పోసి పెంచిన చెట్ల కిందే ఆమె బర్రెలు మేశాయి. ఇన్నయ్య పోయి ఆరేళ్లయింది. బర్రెలు మాత్రం మేత మానలేదు. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ ఎవరైనా అడ్డం నిలబడితే పక్కనున్న చెట్టును చూపించి "దీని పేరు చెప్పు, ఎనుకకు పోత" అంటుంది. వాడికి తెలియదు. ఆమెకు తెలుసు. ఏ ఏడు నాటారో కూడా తెలుసు.

"మా బర్రెలు ముప్పై ఏండ్ల సంది యూనివర్సిటీలనే ఉన్నయ్. ఇంకా పట్టా ఇయ్యరైతిరి" అని వేదవతిని ఆటపట్టించేది.

వేదవతిది తెనాలి వైపు. ఆ యూనివర్సిటీలోనే భాషాశాస్త్రం చెబుతుంది. గంజి పెట్టిన మంగళగిరి చీర, భుజాన గుడ్డ సంచి, మాటకు ముందు చిన్న నవ్వు. పద్దెనిమిదేళ్లుగా బుచ్చవ్వ దగ్గరే పాలు పోయించుకుంటోంది. గిన్నెలో పాలు పడేంతసేపూ ఇద్దరికీ ఒకటే వాదన. ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు కానీ ఒక్క పొద్దున కూడా ఆగింది లేదు. బర్రె మాట్లాడుతుందా, మాట్లాడదా?

"మాట్లాడదు బుచ్చవ్వా" అనేది వేదవతి. "అరుస్తుంది. ఆకలైతే ఒకలా, భయమైతే ఒకలా. అది సంకేతం. ఎర్రలైటు వెలిగితే బస్సు ఆగుతుంది, అంతమాత్రాన లైటు మాట్లాడినట్టా? భాషంటే ఇక్కడ లేనిదాని గురించి కూడా చెప్పగలగాలి. నిన్నటి సంగతి చెప్పాలి, రేపటిది చెప్పాలి. తేనెటీగ పట్టు మీద నాట్యమాడుతూ పూలు ఎంత దూరంలో ఉన్నాయో తోటి ఈగలకు చెబుతుంది. దాన్నే మేం భాష అనడానికి వెనకాడుతుంటే నీ గేదె ఎంత?"

"ఈగకిచ్చిన ఇలువ నా బర్రెకియ్యవా?" బుచ్చవ్వ క్యాను మూత ఠప్పున వేసేది. "పోయినేడాది చంద్రి దుడ్డె సచ్చింది. మూడు నెలలు గా దుడ్డెను కట్టేసిన గుంజ కాడికే పోయి అరిసింది. దుడ్డె గాడ ఉన్నదా? లేదు. లేనిదాని గురించి చెప్పినట్టా కాదా?"

"అది గుర్తు పెట్టుకోవడం. చెప్పడం వేరు. ఎవరికి చెప్పింది?"

"నాకు. ఇంకెవరికి చెప్తది, నీకా?"

ఇంకోనాడు ఇంకోలా పొడిచేది. "మా మాటను గూడ మాట కాదన్నోళ్లే గద మీరు. సీన్మాల నౌకరుకు, తాగుబోతోనికి పెట్టిరి మా మాట."

ఆ మాటకు వేదవతి నవ్వలేదు. "అన్నవాళ్లది తప్పు. మీ మాట భాషే. అందులో నాకు అనుమానం లేదు. నీ గేదెది మాత్రం కాదు."

"ఒకటొప్పుకున్నవ్. రెండోది గూడ ఒప్పుకుంటవ్ తియ్" అని బుచ్చవ్వ పక్కింటి గేటు కొట్టడానికి పోయేది.

ఈ వాదన పాఠానికి పనికొస్తుందని వేదవతి అప్పుడప్పుడు చిన్న రికార్డరు పట్టుకుని తెల్లవారుజామున బుచ్చవ్వ కొట్టానికి వచ్చేది. అరచేతిలో పట్టే డబ్బా అది. బుచ్చవ్వ పాలు పిండుతూ చేసే చప్పుళ్లు అందులోకి ఎక్కించుకునేది. బుచ్చవ్వ దాన్ని పట్టించుకోలేదు. తన గొంతు ఒక డబ్బాలో పడినంత మాత్రాన తనకు తరిగేదేముంది?

తెలంగాణ ఉద్యమం యూనివర్సిటీలో మండుతున్న రోజులవి. రెండువేల పది, శివరాత్రికి వారం ముందు. ఆర్ట్స్ కాలేజీ ముందు టెంటు వేసి విద్యార్థులు రిలే దీక్షలు చేస్తున్నారు. పగలంతా మైకు మోగుతూనే ఉండేది, పాటో, ఉపన్యాసమో. గేట్ల దగ్గర ముళ్లకంచెలు, పోలీసు వ్యాన్లు. తరగతులు లేవు. అయినా వేదవతి రోజూ డిపార్ట్‌మెంటుకు పోయి వచ్చేది. టెంటు ముందు నుంచి నడిచేటప్పుడు తల కొంచెం దించుకునేది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె దగ్గర పరిశోధన చేసే జ్యోతిర్మయి ఆ టెంటులోనే ముందు వరసలో కూర్చునేది. మేడమ్ కనబడగానే లేచి నిలబడేది. అయినా వేదవతి తల దించుకునే పోయేది. రోజులు అట్లాంటివి.

చంద్రి ఈని అప్పటికి పన్నెండు రోజులు. ఈసారి ఆడ దుడ్డె పుట్టింది, బతికింది. పోయినేడు దుడ్డెను పోగొట్టుకున్న ఇంట్లో ఆ దుడ్డెకు ఎంత మురిపెమో చెప్పక్కర్లేదు. పగలు చంద్రి లోపలికి పోయి మేసి, పొద్దు వాలేసరికి గేటు దగ్గర బుచ్చవ్వ పిలిస్తే వచ్చేది. దుడ్డె ఇంటి దగ్గర కట్టుకొయ్యకు.

ఒకనాడు పొద్దు వాలే వేళకు బుచ్చవ్వ గేటు దగ్గరికి పోయేసరికే అక్కడ గలాటా. ఊరేగింపు బయటికి రాబోయింది, పోలీసులు అడ్డుకున్నారు, రాళ్లు లేచాయి, టియర్ గ్యాస్ గోళాలు పడ్డాయి. చెట్ల మధ్య చంద్రి కనబడింది. బుచ్చవ్వ గుండె నిండా గాలి పీల్చుకుని పిలవబోయింది. పీల్చుకున్నది గాలి కాదు, పొగ. గొంతులో మిరపకాయలు నూరినట్టయింది. కళ్ల నీళ్లు తుడుచుకుని చూసేసరికి చంద్రి తోక పైకెత్తి లోపలికి ఉరికింది. గేటు మూశారు, కంచె అడ్డం లాగారు.

ఇంటికొచ్చి సాలమ్మకు చెబుదామని నోరు తెరిస్తే మాట రాలేదు. గాలి వచ్చింది. సాలమ్మ పక్కింటి మనిషి, నలభై ఏళ్ల స్నేహం. "ఏందే, సప్పుడు లేదేంది?" అని దగ్గరికొచ్చి చూసి ఆమె కూడా భయపడింది. బుచ్చవ్వ నోరు మూతపడడం ఆ బస్తీలో ఎవరూ ఎరగని వింత. ఇద్దరు ముగ్గురు చూడడానికే వచ్చారు.

దుడ్డె అరుస్తూనే ఉంది. సాలమ్మ ప్యాకెట్ పాలు గోరువెచ్చగా చేసి సీసాతో పట్టింది. దుడ్డె నోట్లోకి తీసుకుని బయటికి ఉమ్మేసింది. అక్కడ చంద్రి పొదుగులో పాలు నిలిచిపోతాయి. ఒక పూట దాటితే పొదుగు గట్టిపడుతుంది, రెండు రోజులు దాటితే వాపు, ఆ పైన ఆ ఈతకు పాలు లేవు. ఇక్కడ దుడ్డె రెండు రోజులు ఆగదు. పోయినేటి గుంజ ఇంకా అక్కడే ఉంది. బుచ్చవ్వ దాని వైపు చూడలేదు.

తెల్లవారి ఆమె ఖాళీ క్యాను పట్టుకునే వేదవతి గేటు కొట్టింది. వేదవతి గిన్నెతో వచ్చింది.

"చంద్రి లోపలున్నది" అని గొణిగింది బుచ్చవ్వ. అంతకు మించి గొంతు పెగల్లేదు. "పిల్వనీకి నోరు లేదు."

వేదవతికి అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అయ్యాక గిన్నె గేటు స్తంభం మీద పెట్టి లోపలికి పరిగెత్తింది. రికార్డరుతో తిరిగొచ్చింది.

"నీ గొంతు నా దగ్గర ఉంది! టెంటు దగ్గర మైకుంది కదా. క్యాంపస్ అంతా వినపడుతుంది. ఎక్కడున్నా వస్తుంది."

బుచ్చవ్వ ఆ డబ్బా వైపు మొదటిసారి గౌరవంగా చూసింది. ఏ పిలుపు ఎక్కించావని అడగాలని తోచలేదు. మామూలుగా అయితే అడిగేది. అడగడానికి గొంతు ఉంటే అసలు ఈ డబ్బా ఎందుకు?

ఇద్దరూ గేటు దగ్గరికి నడిచారు. వేదవతి ఫోన్ చేస్తే జ్యోతిర్మయి కంచె అవతలికి వచ్చి రికార్డరు అందుకుంది. "నువ్వు ఫికర్ జెయ్యకు అవ్వా. మైకు మనదే" అని పరిగెత్తింది.

కాసేపటికి పాట ఆగింది. చెట్ల మీంచి జ్యోతిర్మయి గొంతు వినపడింది.

"అన్నలారా, అక్కలారా, ఒక్క ఐదు నిమిషాలు. మన ఇన్నయ్య మాలీ భార్య బుచ్చవ్వ బర్రె నిన్నటి గ్యాసుకు బెదిరి తప్పిపోయింది. దాన్ని పిలుస్తున్నం. దయచేసి ఎవరూ నవ్వొద్దు."

అందరూ నవ్వారు. తర్వాత మైకులో బుచ్చవ్వ గొంతు మొదలైంది. నాలుకతో "త్చ త్చ త్చ", వెనకాల ముక్కులోంచి సన్నగా "హూమ్... హూమ్...". దాని కింద చెంబులో పాలధార పడే సర్ సర్ చప్పుడు. క్యాంపస్ మొత్తం ఒక కొట్టమైపోయింది.

బుచ్చవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

అది రమ్మనే పిలుపు కాదు. పాలు చేపించే పిలుపు. పొదుగు కడిగి, పక్కన కూర్చుని, "కదలకు తల్లీ, నిలబడు, పాలు వదులు" అని చెప్పేది. రమ్మనేది వేరు. అది గుండెలోంచి లేచి చెరువు దాటి పోయేంత పొడుగు పిలుపు. వేదవతి రోజూ వచ్చింది తెల్లవారుజామున, కొట్టంలోకి. కట్టేసి ఉన్న బర్రెను రమ్మని ఎవరు పిలుస్తారు?

ఆపమని అరవబోయింది. గాలి వచ్చింది. వేదవతి కొంగు పట్టుకుని గుంజింది.

"ఏడవకు బుచ్చవ్వా" అంది వేదవతి ఆమె చెయ్యి నిమురుతూ. "నీ గొంతు అంత దూరం వినపడుతుంటే నాకే ఒళ్లు పులకరిస్తోంది. వచ్చేస్తుంది."

బుచ్చవ్వ ఆమె చెయ్యి విదిలించింది. తల అడ్డంగా ఊపింది, చేతులు ఊపింది, నేల మీద కాలు తన్నింది. వేదవతికి ఆ తిప్పలు చూసి ఇంకా జాలేసింది. ముప్ఫై ఏళ్లు భాష గురించి పాఠం చెప్పిన మనిషికి ఎదురుగా నిలబడి రెండు చేతులతో చెబుతున్న మాట ఒక్కటి అందలేదు. మైకులో పిలుపు ఐదుసార్లు తిరిగింది. బర్రె రాలేదు. టెంటు దగ్గర నవ్వులు కూడా ఆగిపోయాయి. మళ్లీ పాట మొదలైంది.

అప్పుడు లోపలి వైపు నుంచి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. కడప వైపు మనిషి, డ్యూటీకి తెచ్చి పడేస్తే పది రోజులుగా వ్యాన్‌లో నిద్ర. చేతిలో లాఠీ ఉంది కానీ అది లాఠీ అన్న సంగతి మరచిపోయినట్టు, కర్రలా పట్టుకున్నాడు.

"ఈడ ఎనుము ఎవురిది? ఆ పైపుల కాడ కంపల్లో నిలబడుండాది. మైకులో ఆ కూత మొదలైనప్పటి నుంచి అడుగు తీసి అడుగు వెయ్యలా. తోలితే కదల్లా, లాఠీతో తడితే కదల్లా. పాలు దానంతటదే కారిపోతా ఉండాయి అవ్వా, నేల తడిసిపోయింది. మాకూ ఎనుములుండాయిలే, ఇట్లాంటిది నేను చూళ్లా."

గేదె, బర్రె, ఎనుము. ఆ మూడు పేర్లలో ఒక్కటీ చంద్రికి తెలియదు. తెలిసిందల్లా నిలబడమన్నారని.

బుచ్చవ్వ వేదవతిని దగ్గరికి లాక్కుంది. ఉన్న కాస్త గొంతునూ కూడగట్టుకుని ఆమె చెవిలో అంది. "నిలవడమన్నవ్, నిలవడ్డది. పాలిడువుమన్నవ్, ఇడిసింది. రమ్మని అన్లేదు గద మేడమ్, ఎందుకొస్తది?"

 వేదవతికి మాటకు ముందు వచ్చే ఆ చిన్న నవ్వు ఆరోజు రాలేదు.

"అయ్యో" అంది. "నేను... అది పిలుపే అనుకున్నాను."

"అనుకుంటవ్. బర్రెకు తెలిసింది నీకు తెల్వలేదు."

బుచ్చవ్వ లోపలికి అడుగు వేయబోతే కానిస్టేబుల్ అడ్డం వచ్చాడు. "ఆర్డరు లేదవ్వా. యూనివర్సిటీ కార్డుంటేనే పంపాల. నా ఉద్యోగం పోతాది." చెప్పేటప్పుడు అతని మొహంలో కూడా బాధే ఉంది. కార్డు ఉన్నది వేదవతికి.

కంచె పక్కన నిలబడి బుచ్చవ్వ పాఠం చెప్పింది. వినేది ప్రొఫెసరు. ముందుగా ఎడమ డొక్క మీద రెండుసార్లు చరచాలి. పాలు పిండడం అయిందని దానికి అది గుర్తు. తర్వాత వీపు తిప్పి నడవాలి, నడుస్తూ పిలవాలి. "ఎనుకకు జూడొద్దు. జూసినవంటే, నీకే నమ్మకం లేదని దానికి సమజైతది." పిలుపు ఎట్లా ఉండాలో పెదవులతో చూపించింది. వేదవతి ప్రయత్నించింది.

"ఓ... హోయ్య."

బుచ్చవ్వ మొహం చిట్లించింది. "హాజరు పిలుస్తున్నట్టున్నది. అన్నం వండి, ఆకలైనోళ్లను పిలిచినట్టు పిలువు."

మళ్లీ అంది. కానిస్టేబుల్ తల పక్కకు తిప్పుకున్నాడు, నవ్వు దాచుకోవడానికి. మూడోసారికి బుచ్చవ్వ చెయ్యి ఊపింది. పో, అయినకాడికి పో.

ఆ పావుగంట బుచ్చవ్వకు కంచె ముళ్లు లెక్కపెట్టడంతోనే సరిపోయింది. పాట మోగుతోంది. పాటకూ పాటకూ మధ్య, దూరంగా, తెనాలి గొంతు ఒకటి లేచింది. "ఓ... హోయ్యా..." చివర్లో కొంచెం సాగదీసింది, అవసరం లేదు. కాసేపు ఏమీ లేదు. తర్వాత అటు నుంచి, కింది స్థాయిలో, "ఊఁ?" అని.

బుచ్చవ్వకు తెలుసు ఆ ఊఁ. కొత్తమనిషి గడ్డి వేసినప్పుడు చంద్రి అనేది అదే. నువ్వెవరు, ఆమె ఏది?

"చెప్పు మేడమ్" అని గొంతులేని గొంతుతో గొణుక్కుంది. "ఇంటికాడ దుడ్డె ఉన్నదని చెప్పు."

ముందు వేదవతి కనబడింది. చీర అంచు చిరిగింది, చెప్పులు రెండూ ఒక చేతిలో ఉన్నాయి, గంజి మొత్తం పోయింది. తల నిటారుగా పెట్టుకుని, ఎదురుగా ఏముందో కూడా చూడకుండా, ఓ హోయ్యా ఓ హోయ్యా అంటూ నడుస్తోంది. వెనక్కి చూడొద్దంటే పక్కకు కూడా చూడలేదు మహాతల్లి. ఆమె వెనక పది అడుగుల దూరంలో చంద్రి. ఊగే పొదుగు, కొమ్ములకు చిక్కుకున్న కంప, తొందరేమీ లేని నడక. టెంటు ముందుకు వచ్చేసరికి విద్యార్థులు లేచి దారి ఇచ్చారు. ఎవడో "జై తెలంగాణ" అన్నాడు. ఇంకెవడో "జై బర్రె" అన్నాడు. మైకు పట్టుకున్న జ్యోతిర్మయి "మేడమ్‌కు జై" అంది, ఆ జై అన్నిటికంటే గట్టిగా వచ్చింది. టెంటు ముందు నుంచి వేదవతి తల ఎత్తుకుని నడవడం ఆ నెలలో అదే మొదలు.

కంచె తీసి కానిస్టేబుల్ పక్కకు జరిగాడు. చంద్రి బుచ్చవ్వ భుజం వాసన చూసి, ఆమె కొంగులో ముక్కు తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే బస్తీ దారి పట్టింది.

దుడ్డెను విప్పారో లేదో పొదుగు కిందికి దూరింది. మొదట తాగలేకపోయింది, గట్టిపడిన పొదుగును తలతో నాలుగు కుమ్ములు కుమ్మింది. బుచ్చవ్వ పక్కన కూర్చుని నాలుకతో "త్చ త్చ" అంది, దానికి గొంతు అక్కర్లేదు. పాలు దిగాయి. దుడ్డె తోక ఊగడం మొదలైంది. సాలమ్మ సీసాలోని పాలతో చాయ్ పెట్టింది.

మరునాడు తెల్లవారుజామున వేదవతి వచ్చింది, రికార్డరుతో, నోటు పుస్తకంతో. బుచ్చవ్వకు సగం గొంతు తిరిగొచ్చింది. ఆ సగం చాలు.

"ఒకటి ఒప్పుకుంటున్నాను" అంది వేదవతి పీట మీద కూర్చుంటూ. "నేను అనుకున్నది ఒకటి, చెప్పింది ఇంకొకటి. చంద్రి నేను చెప్పిందే విన్నది. కానీ బుచ్చవ్వా, ఇదంతా నువ్వు చెప్పే మాట, అది వినే మాట. తిరిగి అదేం చెప్పగలదు?"

"నిన్న నిన్ను జూసి ఊఁ అన్నది. ఏమన్నది?"

"తెలియదు."

"నీకు తెల్వనిది అసలుకే లేదనుడు, గదేనా సదువు?"

వేదవతి నవ్వింది. ఈసారి మాటకు ముందు కాదు, మాట దొరక్క. నోటు పుస్తకం తెరిచి అడిగి అడిగి రాసుకుంది. రమ్మనేది, నిలబడమనేది, పాలు వదలమనేది, అయిపోయిందనేది, నీళ్లు తాగమనేది, పక్కకు జరగమనేది, పాముందనేది. అన్నీ రాసి వేళ్ల మీద లెక్కపెట్టింది.

"ఏడు" అంది. "ఏడు పిలుపులు. భాష అని ఇంకా అనను. కానీ రేపు తరగతులు తెరిస్తే, లైటూ బస్సూ అని మాత్రం చెప్పను."

బుచ్చవ్వ చెంబు ఎత్తి ఆమె గిన్నెలో పాలు పోసింది. నిన్న పోయలేదు కాబట్టి ఇంకొంచెం పోసింది.

"ఏడు నీకు చెప్పినయి మేడమ్" అంది. "కొన్ని నాకూ చంద్రికీ ఉంటయ్."